మొదట వచ్చే లింగమ్మ

లింగమ్మ నన్ను "నువ్వు" అన్న రోజు నాకు ఒళ్లు మండిపోయింది. ముందే చెప్పేస్తున్నాను, నాకు కోపం ఎక్కువ. బందరు నీళ్లు తాగి పెరిగిన నోరు, ఎవరి ముందూ మూతపడలేదు. యూనివర్సిటీ ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరైన సుందరరావుగారి భార్యని నేను. ఆవిడేమో ఆడపిల్లల హాస్టల్లో ఇరవై రెండేళ్లు ఆయాగా చేసి దిగిపోయిన మనిషి. తార్నాకలో మా వీధి చివర ఒంటిగది అద్దెకు తీసుకుని, వచ్చిన మూడో రోజే మా గేటు పట్టుకుని నిలబడి, "ఏందమ్మా, గింత పొద్దెక్కినా కూసున్న కాడనే కూసున్నవ్. పెయ్యిల బాగలేదా నీకు?" అంది.

బాగాలేని మాట నిజమే. అది పంతొమ్మిదివందల అరవై ఆరో సంవత్సరం. ఆ వేసవిలోనే నాకు షుగరు బయటపడింది. "అన్నం సగం, కాఫీలో చక్కెర సున్నా, రోజూ నాలుగు మైళ్ల నడక" అన్నాడు డాక్టరు, అదేదో అరటిపండు ఒలుచుకు తిన్నంత తేలికైనట్టు. అన్నం ఏడ్చుకుంటూ తగ్గించాను. నడక మాత్రం నా వల్ల కాలేదు. యాభై ఎనిమిదేళ్ల ఆడమనిషి ఏ పనీ లేకుండా వీధులు కొలుస్తుంటే చూసినవాళ్లు ఏమనుకుంటారు? మొగుడితో పోట్లాడి వచ్చేసిందనుకుంటారు. ఒళ్లు మండుతూనే ఇదంతా ఆవిడకి చెప్పేశాను. ఎందుకు చెప్పానో నాకే తెలీదు, ఆవిడ మొహంలో ఏదో ఉండేది.

"నడువనీకి సిగ్గేంది? చేతిల పూలబుట్ట పట్టుకో. పూలకు పోతున్నదనుకుంటరు. నేను గూడ ఒస్త, నాకు మోకాళ్లు పట్టుకపోతున్నయ్" అంది లింగమ్మ.

మర్నాటి నుంచే మా నడక మొదలైంది. తార్నాక నుంచి కాంపస్‌లోకి, ఆర్ట్స్ కాలేజీ మెట్ల దాకా వెళ్లి, గుట్టల పక్క దారిన తిరిగి రావడం. దారి పొడుగునా ప్రొఫెసర్ల బంగళాల గోడల మీంచి గన్నేరూ నందివర్ధనమూ మా బుట్టల్లో పడేవి. దొంగతనమే, కాదనను. నెల తిరిగేసరికి మాతో వేదవతిగారు చేరారు. ఆవిడ రాజమండ్రి వైపు మనిషి, హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైంది, పెళ్లి చేసుకోలేదు, మా ఇంటికి రెండిళ్ల అవతల ఒక్కతే ఉండేది. ఆవిడ షుగరు నాదానికన్నా ముదిరింది. రోజూ ఇన్సులిన్ సూది పడాల్సిందే.

మేం ముగ్గురు ముసలాళ్లం ఒకరినొకరం ఎలా కాపాడుకున్నామో చెబితే ఈ కాలం వాళ్లు నవ్వుతారు. పదిహేను రోజులకొకసారి మధ్యాహ్నం వేదవతిగారి వంటింట్లో పరీక్ష జరిగేది. మా మూత్రం సీసాలు కొంగు చాటున పట్టుకెళ్లేవాళ్లం. ఆవిడ గాజు గొట్టంలో నీలం మందు పోసి, మా చుక్కలు వేసి, స్పిరిటు దీపం మీద మరిగించేది. నీలంగానే ఉంటే షుగరు లేనట్టు, ఆకుపచ్చైతే కొంచెం, ఇటుకరంగుకి తిరిగితే మన పని అయినట్టు. నాది ఒకసారి ఇటుకరంగు తిరిగితే లింగమ్మ నా వంక చూసి, "బొబ్బట్లు తిన్నవ్ గదా? నిజం జెప్పు" అంది. రెండు తిన్నాను. ఆ రోజు నుంచి రాత్రి మా ఇంటికి జొన్నరొట్టె ఆవిడే చేసి తెచ్చేది, నా ఎదురుగా కూర్చుని తినిపించి వెళ్లేది.

వేదవతిగారికి చూపు మందగించింది, చెయ్యి వణికేది. సూదిమందు గాజు గొట్టం మీద గీతలు కనపడేవి కావు. లింగమ్మకి చదువు రాదు గాని కళ్లు డేగ కళ్లు. ఎన్నో గీత దాకా మందు లాగాలో అక్కడ వేదవతిగారు గోళ్లరంగు చుక్క పెట్టి చూపించింది. అంతే, నడక నుంచి తిరిగి రాగానే గొట్టం మరిగించడం, సూది వెయ్యడం, పక్కన కూర్చుని ఇడ్లీ తినేదాకా కదలకపోవడం లింగమ్మ పనైపోయింది. రెండేళ్లలో ఒక్కరోజు తప్పలేదు.

మమ్మల్ని నిద్రలేపేదీ ఆవిడే. ఐదుంబావుకి గేటు దగ్గర నిలబడి "రమణమ్మా" అని పిలిచేది. కాస్త ఆగి ఇంకోసారి. ఇంకాస్త ఆగి మూడోసారి. మూడో పిలుపుకి గాని పలకకూడదని ఆవిడ కట్టడి. హాస్టల్లో పరీక్షలప్పుడు పిల్లల్ని అలాగే లేపేదట. వాళ్లు మొదట నవ్వేవాళ్లట, తర్వాత వాళ్లూ మూడో పిలుపుకే పలికేవాళ్లట.

ఎందుకలా అని ఒకనాడు ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చున్నప్పుడు అడిగాను. చెప్పింది.

లింగమ్మ ఆలేరు దగ్గర పల్లెలో పుట్టింది. తొమ్మిదో ఏట పెళ్లైనా ఇంకా పుట్టింట్లోనే ఉంది. పన్నెండో ఏట ఊళ్లోకి గత్తర వచ్చింది. అదే, మేం కలరా అంటాం. జనం తలుపులు వేసుకుని కూర్చున్నారు. ఒక తెల్లవారుజామున బయట నుంచి ఎవరో ఆవిడ అక్క సారలమ్మని పేరు పెట్టి పిలిచారు. ఒకే ఒక్కసారి.

"మా అక్క 'ఆఁ, ఒస్తున్న' అన్నది. లేశి తలుపు తీసింది. ఎవల్లేరు, గాలి గూడ లేకుండె. పొద్దుగూకెటాలకు పోయింది" అంది లింగమ్మ.

"పిలిచిందెవరే?" అన్నాను.

"మా అవ్వ గొంతుతోని పిలిచిందమ్మా. మా అవ్వేమో నా పక్కపొంటనే పండుకోని ఉన్నది."

అవ్వంటే వాళ్లమ్మ. ఎండలో కూర్చున్నా నేను కొంగు కప్పుకున్నాను. మనిషైతే మళ్లీ పిలుస్తుంది, అది ఒక్కసారే పిలుస్తుంది, అందుకే ఒక్క పిలుపుకి పలక్కండని చెప్పింది. మా బందరులోనూ మా నాయనమ్మ ఇదే మాట అనేది. అందుకని నేను వాదన పెట్టుకోలేదు. వేదవతిగారు మాత్రం సైన్సు టీచరు కదా, ముక్కుతో నవ్వి ఊరుకుంది.

లింగమ్మ కథ అక్కడితో అయిపోలేదు. భర్త కొమురెల్లి లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పని చేసేవాడు. ఇద్దరు పిల్లలు పుట్టి పురిట్లోనే పోయారు. ఆయనకి క్షయ జబ్బు చేసి పోయాక క్వార్టరు ఖాళీ చెయ్యమన్నారు. మూటా ముల్లే నెత్తిన పెట్టుకుని కాంపస్‌లోకి నడిచి వచ్చి, హాస్టలు గేటు దగ్గర పని అడిగింది. ఇరవై రెండేళ్లలో ఎన్ని వందల మంది పిల్లలు! జ్వరాలొస్తే గంజి కాచి తాగించింది, పరీక్ష తప్పితే ఒళ్లో పడుకోబెట్టుకుంది. ఇప్పుడు వాళ్లంతా ఎక్కడెక్కడో ఉన్నారు. ఆవిడకి మిగిలింది మేమిద్దరమే. ఈ మాట అనడానికి నాకు ఇప్పుడు నోరు రావడం లేదు, ఎందుకో మీకే తెలుస్తుంది.

అరవై ఎనిమిది కార్తీకంలో ఒకరోజు నాలుగు దాటాక మెలకువ వచ్చింది. బయట మంచు. గేటు వైపు నుంచి "రమణమ్మా" అని వినిపించింది. లింగమ్మ గొంతే. ఇంత తొందరగా వచ్చేసిందేమిటా అనుకుంటూ రెండో పిలుపు కోసం చెవులు రిక్కించాను.

రెండో పిలుపు రాలేదు.

ఐదుంబావుకి లింగమ్మ వచ్చింది, మూడుసార్లు పిలిచింది. "ఇందాక వచ్చి వెళ్లావా?" అని అడిగాను. "ఇప్పుడే గద ఒస్తున్న" అంది. నిద్రమత్తులో ఏదో విని ఉంటానని సరిపెట్టుకున్నాను. నాలుగు రోజుల తర్వాత మళ్లీ వినిపించింది. అదే వేళ, అదే గొంతు, ఒక్కసారే. ఆ వారంలోనే నడక మధ్యలో వేదవతిగారు నా చెయ్యి గట్టిగా పట్టుకుని, లింగమ్మ రెండడుగులు ముందుకెళ్లాక, "నన్నెవరో పిలిచారండీ ఇవాళ. 'టీచరమ్మా' అని. మీకేమైనా..." అని ఆగిపోయింది. ఆవిడ నవ్వడం లేదు.

లింగమ్మతో చెప్పకుండా ఎలా ఉంటాం? చెప్పాం. ఆవిడ మొహం పాలిపోయింది. "నా గొంతేనా?" అని రెండుసార్లు అడిగింది. తర్వాత, "మన ముగ్గుర్ల ఒకరి కోసం తిరుగుతున్నదది. పలకకున్రి. నా మీద ఒట్టు, పలకకున్రి" అంది.

ఆ రోజు నుంచి నా ప్రాణం నా దగ్గర లేదు. ముగ్గురిలో ఎవరు? నేనా? వేదవతిగారా? లోలోపల, నేను కాకుండా ఉంటే బాగుండునని మొక్కుకున్నాను. ఆ పాపిష్టి మొక్కు నాకింకా గుర్తుంది. మా ఆయనకి చెబితే, "షుగరు ఎక్కువైతే చెవుల్లో హోరు వస్తుందిట" అని పేపరు అడ్డం పెట్టుకున్నారు. మహానుభావుడు. నాలుగయ్యేసరికి నేను లైటు వేసుకుని మంచం మీద కూర్చునేదాన్ని. కొన్ని రోజులు ఏమీ ఉండేది కాదు. కొన్ని రోజులు ఆ ఒక్క పిలుపు వచ్చేది, గేటు చువ్వ మీద గాజు తగిలినట్టు చిన్న చప్పుడు, తర్వాత ఏమీ లేదు. చెవుల్లో వేళ్లు పెట్టుకుని విష్ణుసహస్రనామం చదువుకునేదాన్ని.

మార్గశిరం వచ్చింది. ఒకరోజు కాంపస్‌లో పొగమంచు దట్టంగా ఉంది. ఆర్ట్స్ కాలేజీ అంత పెద్ద కట్టడం కూడా దగ్గరికి వెళ్లేదాకా కనపడలేదు. గుట్టల పక్క దారిలో తిరిగి వస్తున్నాం. లింగమ్మ టక్కున ఆగింది.

"ఆగున్రి. వెనుకపడ్డది, రానియ్యున్రి" అంది.

"ఎవరు?" అన్నాను.

"నలుగురం ఒచ్చినం గద. ఒక్కరేరి?"

నేనూ వేదవతిగారూ మొహమొహాలు చూసుకున్నాం. "ముగ్గురమే కదే" అన్నాను. లింగమ్మ విననైనా లేదు. వెనక్కి తిరిగి, మంచులోకి చెయ్యి ఊపుతూ, "తొందరగ రా బిడ్డా, సలిపెడుతున్నది" అంది. తర్వాత, ఆ వచ్చినవాళ్లకి చోటిస్తున్నట్టు కొంచెం పక్కకి జరిగి నడవడం మొదలుపెట్టింది. ఇంటిదాకా నేను వెనక్కి తిరగలేదు. నా పూలబుట్ట ఎక్కడ పడిపోయిందో కూడా తెలీదు.

ఆ తర్వాతి వారం అసలు సంగతి జరిగింది. వేదవతిగారు మధ్యాహ్నం మా ఇంటికి వచ్చి, తలుపు గడియ వేసి మరీ చెప్పింది. పొద్దున నడక నుంచి రాగానే లింగమ్మ గొట్టం మరిగించి సూది వేసిందట. "పొయ్యి మీద పాలున్నయ్" అని వెళ్లిపోయిందట. ఈవిడ ఇడ్లీ పళ్లెం ముందు కూర్చుందో లేదో, లింగమ్మ మళ్లీ లోపలికి వచ్చిందట. నీళ్లు పొయ్యి మీద పెట్టి, గాజు గొట్టం అందులో వేసిందట.

"ఇప్పుడేగా ఇచ్చావు లింగమ్మా!" అందిట ఈవిడ.

"ఎప్పుడిచ్చిన? ఇప్పుడే గద ఇంట్లకొస్తున్న" అందిట లింగమ్మ.

"చేతి మీద స్పిరిటు తడి కూడా ఆరలేదండీ. చూపించాను. ఆవిడ ఆ తడిని ముట్టుకుని చూసి భయపడిపోయింది. రెండోసారి వేయించుకుని ఉంటే నేను సాయంత్రానికి ఉండేదాన్ని కాదు" అంది వేదవతిగారు. ముప్పై ఏళ్లు పిల్లలకి సైన్సు చెప్పిన ఆ మనిషి నా చెవి దగ్గరికి వంగి అడిగింది: "రమణమ్మగారూ, ఆ ఇద్దరిలో మన లింగమ్మ ఎవరు? మొదట వచ్చిందా, తర్వాత వచ్చిందా?"

ఆ ప్రశ్న అక్కడితో మా ఇద్దరి బుర్రల్లోనూ పాతుకుపోయింది. మొదట వచ్చేది ఒకటుంది, దానికి లింగమ్మ గొంతుంది, లింగమ్మ రూపముంది. నాలుగింటికి వచ్చి ఒక్కసారి పిలిచేది అదే. తర్వాత మూడుసార్లు పిలిచేదే మన మనిషి. ఇలా తేల్చుకున్నాం, ఇద్దరు చదువుకున్న ఆడవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

దయ్యానికి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయంటారు కదా. ఐదుంబావుకి గేటు తీసేటప్పుడు టార్చిలైటు వేసి లింగమ్మ పాదాలు చూడ్డం మొదలుపెట్టాను. పాదాలు సరిగ్గానే ఉన్నాయి. కానీ వాటికి తడి ఎర్రమట్టి ఉండేది. చీర అంచుకి పల్లేరుకాయలు అంటుకుని ఉండేవి. మేం నడక ఇంకా మొదలే పెట్టలేదు! ఆవిడ గది నుంచి మా ఇంటికి ఉన్నది తారురోడ్డు. "ఎక్కడ తిరిగొచ్చావే?" అని అడిగితే, కిందికి చూసుకుని, తన కాళ్లు తనవి కానట్టు వింతగా చూసి, "ఏమో మరి" అంది. అది ఈవిడ ఒంట్లోకి దూరి తిరుగుతోందనుకున్నాను. అనుకుని ఏం చేశాను? మౌలాలి గుట్ట మీది దర్గా నుంచి తాయెత్తు తెప్పించాను. ఆవిడకి కాదు. నాకు!

డిసెంబరు ఆఖరి వారం. ఆ పూట నాలుగు దాటాక పిలుపు వచ్చింది. రోజూలా లేదు. కొంచెం వణుకుతూ, చివర సాగదీసినట్టు "రమణమ్మా..." అని వచ్చింది. నేను మంచం మీద కూర్చునే ఉన్నాను. లేవలేదు, పలకలేదు.

ఐదుంబావైంది. మూడు పిలుపులు రాలేదు. ఆరైంది. లాలాగూడ వర్క్‌షాపు కూత వినపడింది. వేదవతిగారు శాలువా కప్పుకుని వచ్చి, "లింగమ్మ రాలేదండీ" అంది. ఇద్దరం ఆవిడ గదికి వెళ్లాం. తలుపు బార్లా తీసి ఉంది. చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయి. పొయ్యి చల్లగా ఉంది, దాని మీద ఒక ఖాళీ గిన్నె మాడి నల్లగా అయిపోయి ఉంది. అది ఇవాళ్టి మాడు కాదు. ఎన్నో రోజులుగా మాడుతున్న గిన్నె.

ఎందుకో నా కాళ్లు హాస్టలు వైపు తీసుకెళ్లాయి. సెలవులకి పిల్లలంతా ఇళ్లకి వెళ్లిపోయారు. గేటుకి గొలుసు వేసి ఉంది. చౌకీదారు లక్ష్మయ్య చలిమంట దగ్గర కూర్చున్నాడు.

"లింగమ్మ ఇటేమైనా వచ్చిందా?" అన్నాను.

"రోజు ఒస్తది గదమ్మా" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. "రోజూనా? ఎప్పుడు?"

"నాలుగున్నరకు. కార్తీకం కాడికెళ్లి గిదే వరస. అడ్డదారిన గుట్టల నడుమ నుంచి ఒస్తది. ఒక్కొక్క గది కాడ నిలవడి పేరు పెట్టి పిలుస్తది. ఇప్పుడున్న పిల్లల పేర్లు గావు, ఎప్పటియో. ఈ పిల్లలు నవ్వుకుంటరు. జర చాయ్ తాపి నేనే తోలిస్త. ఇయ్యాల గేటుకు తాళమున్నది. 'తియ్యి లక్ష్మయ్యా, పిల్లలకు ఇమ్తెహాన్లున్నయ్, పరీక్షకు లేపాలె' అన్నది. 'ఎవల్లేరు పెద్దమ్మా, ఇంటికి పో' అన్న. గుట్టల దిక్కు మర్లింది."

"ఒక్క మాట మాకు చెప్పలేకపోయావా?" అని అరిచాను.

లక్ష్మయ్య నా మొహంలోకి చూసి నెమ్మదిగా, "రోజు ఆమెతోని నడిచేది మీరే గదమ్మా. మీకెరుకే అనుకున్న" అన్నాడు.

వేదవతిగారు అక్కడే అరుగు మీద కూలబడిపోయింది. ఆవిడకి అంతా ఒక్కసారే తెలిసిపోయింది. ఇద్దరు లింగమ్మలు లేరు. ఉన్నది ఒక్క లింగమ్మే. మొదట వచ్చింది ఆవిడే, తర్వాత వచ్చింది ఆవిడే. మొదట వచ్చిన సంగతి తర్వాత వచ్చేసరికి ఆవిడకి గుర్తుండటం లేదు. మా కళ్లెదుట ఆ మనిషి మతి కొంచెం కొంచెంగా జారిపోతుంటే మేం పాదాలు చూశాం, తాయెత్తులు కట్టుకున్నాం.

గుట్టల్లో వెతికాం. ఎండ ఎక్కింది. పది దాటాక, పాతకాలంలో రాళ్లు కొట్టి వదిలేసిన గుంట అవతల ముందు గొంతు వినపడింది, తర్వాత మనిషి కనపడింది. వట్టి కాళ్లు, నెత్తురు కారుతున్నాయి. చీర అంచు చీలికలై వేలాడుతోంది. అక్కడ మనిషెత్తు బండలు వరసగా ఉన్నాయి. లింగమ్మ ఒక బండ ముందు నిలబడి, వేలి కణుపుతో రెండుసార్లు తట్టి, "అరుంధతీ" అని పిలిచింది. చెవి పెట్టి విన్నది. తర్వాత పక్క బండ దగ్గరికి నడిచి, దాన్నీ తట్టి, "కామాక్షీ" అంది. పట్టపగలు, ఎండ కాస్తోంది, పిట్టలు అరుస్తున్నాయి. ఆ దృశ్యం చూసి నేను భయపడినట్టు ఏ చీకట్లోనూ భయపడలేదు. అన్ని పేర్లు, అన్ని బండలు, ఒక్కటీ పలకదు.

వెళ్లి చెయ్యి పట్టుకున్నాను. మంచుగడ్డలా ఉంది. తిరిగి నా మొహంలోకి చూసింది. ప్రేమగానే చూసింది. "లేశినవా బిడ్డా? ఏ గది నీది?" అంది.

అక్కడే ఆ రాళ్లలో కూర్చుని బావురుమన్నాను.

మా ఇంటికే తెచ్చుకున్నాం. మా ఆయన ఈసారి పేపరు అడ్డం పెట్టుకోలేదు, వెనక గదిలో తన పుస్తకాలు తీసేసి మంచం వేయించారు. డాక్టరు చూసి ఇది వయసుతో వచ్చే మతిమరుపు, మందు లేదు, మనుషులు పక్కన ఉండాలి అన్నాడు. వేదవతిగారు భూతద్దం పెట్టుకుని తన సూది తను వేసుకోవడం నేర్చుకుంది. మొదటి వారం చెయ్యంతా నల్లగా కమిలింది, ఒక్కనాడూ మూలగలేదు. పొద్దున పూట వచ్చి లింగమ్మకి స్నానం చేయించేది. మధ్యాహ్నాలు నా వంతు. కొత్త సంవత్సరంలో కాంపస్‌లో ప్రత్యేక తెలంగాణ గొడవలు మొదలై కాలేజీలు మూతపడ్డాయి. "మీ ఆంధ్రావాళ్లు ఊరెళ్లిపోతారా?" అని వీధిలో ఎవరో అడిగారు. "లింగమ్మని ఎవరి దగ్గర వదిలి వెళ్లమంటారు?" అన్నాను. బయట నడక కుదరక మిద్దె మీదే నడిచేవాళ్లం, లింగమ్మని మధ్యలో పెట్టుకుని చెరో చెయ్యీ పట్టుకుని. ఈ మూల నుంచి ఆ మూలకి, వేదవతిగారు లెక్కపెట్టి, నాలుగు మైళ్లకి ఎన్నిసార్లో అన్నిసార్లు.

ఎక్కువ రోజులు నేనెవరో ఆవిడకి తెలిసేది కాదు. ఎప్పుడో ఒకసారి మాత్రం మబ్బు తొలగినట్టు పాత లింగమ్మ వచ్చి కూర్చునేది, రెండు నిమిషాలు, మూడు నిమిషాలు. మాఘంలో ఒక మధ్యాహ్నం వరండాలో ఆవిడ తలకి నూనె రాస్తున్నాను. వేదవతిగారు ఇంటికి వెళ్లింది.

"రమణమ్మా" అంది.

ఎన్నాళ్లైందో నా పేరు ఆ నోట విని. "ఆఁ, చెప్పవే" అన్నాను.

"తెల్లారగట్ల సలిల మీ గేటు కాడికి ఒస్తుంటి. యాదికున్నది నాకు."

నూనె గిన్నె కింద పెట్టాను.

"మెలకువ ఒస్తుండె. బయటికొస్తే ఏడున్ననో, ఏడికి పోవాల్నో తెల్వకపోతుండె. బుగులైతుండె, బయమైతుండె. మీ గేటు, టీచరమ్మ గేటు, గంతే ఎర్క పడుతుండె. నిన్ను పిలుస్తె వచ్చి చెయ్యి పట్టుకుంటవని ఒస్తుంటి. ఒకపారి పిలిచినంక ఎందుకొచ్చిన్నో గదే మర్చిపోతుంటి." గేటు వైపు చూసింది. "కిటికీల నువ్వు కనబడుతుంటివి. లైటేసుకోని కూసోని ఉన్నట్టు..."

అరవై ఏళ్ల బతుకులో నా నోరు మూతపడిన రోజు అది. నిజం చెప్పాలి. విన్నాను లింగమ్మా, రోజూ విన్నాను, నీ గొంతేనని తెలుసు, చావు భయంతో చెవులు మూసుకున్నాను. ఇదే అనాల్సింది. చెప్పలేకపోయాను.

"లేదే. నిద్రపోతుండేదాన్ని. వినపడలేదు" అన్నాను.

లింగమ్మ చెయ్యి వెనక్కి పెట్టి, నూనె కారుతున్న నా చేతిని తడిమి పట్టుకుంది. "నాకే సక్కగ కనబడలేదేమో తియ్యి. నువ్వు వింటే రాకుండ ఉంటవా?" అంది.

తర్వాత జడ అల్లడానికి వీలుగా తల కొంచెం ముందుకి వంచింది.